నిండితే కదిలేది, టైముకు కదిలేది

మా వైపు ఏ సంగతి వచ్చినా ముందు అడిగే మాట ఒకటే. "సర్కారుదా, పరైవేటుదా?" పెళ్లికొడుకు కొలువు గురించయినా ఇదే అడుగుతారు, పిల్లల బడి గురించయినా ఇదే, జ్వరమొచ్చి దవాఖానకు పోయానంటే కూడా ఇదే. జవాబు విన్నాక తల ఊపే తీరు మాత్రం ఒక్కోదానికి ఒక్కో రకంగా ఉంటుంది. కొలువు సర్కారుదంటే అదృష్టవంతుడని ఊపుతారు. బడి సర్కారుదంటే అయ్యో పాపమని ఊపుతారు. ఒకే మాటకు రెండు ఊపులు ఎందుకని చిన్నప్పటినుంచీ నాకు అనుమానం.

నాకు అడగడం ఒక జబ్బు. మా నాయన గొర్రెలు కాసేవాడు. ఇంకా బడికి పోని వయసులో ఆయన వెంట గుట్టకు పోయి, "నాయినా, గొర్లు మనయి, మరి గడ్డి ఎవలది?" అని అడిగాను. "సర్కారుది" అన్నాడు. "మరి వాన?" అన్నాను. "నోరు మూస్కోని గా మేకను మర్లగొట్టు" అన్నాడు. ఆ వాన సంగతి నాకు ఇప్పటికీ తేలలేదు.

ఇప్పుడు వికారాబాదులో ఉంటున్నాం. మా ఆయనది రైల్వేలో కొలువు, సిగ్నళ్లు చూసుకునే పని. నేను ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. అంటే ఒకే ఇంట్లో ఒక కంచం సర్కారుది, ఒక కంచం ప్రైవేటుది. అన్నం దగ్గర కూర్చుంటే చాలు, మొదలవుతుంది. రైళ్లు, కరెంటు, బస్సులు, ఫ్యాక్టరీలు అన్నీ సర్కారు చేతిలోనే ఉండాలని ఆయన వాదన. పింఛను లేని కొలువు నాది, నిజానికి ఆ మాట నేననాలి. కానీ ఆయన ఒకటంటే నేను ఇంకొకటనకుండా ఉండలేను. "మీకు అడిగెటోడు లేడు. నేను జర ఆలస్యంగ పోతె మా బడిల గేటు కాడనే నిలవెడ్తరు" అంటాను. "మీ బడి నడవకపోతె రేపు తాళమేస్తరు. రైలు నడవకపోతె తాళమేస్తరా?" అంటాడాయన. ఇద్దరికీ నవ్వొస్తుంది, ఇద్దరం ఒప్పుకోం. ఈ కొట్లాట ఇన్నేళ్లుగా తేలకపోవడానికి కారణం మేమిద్దరమూ మా ఊరి బస్సు ఎక్కకపోవడమేనని పోయిన చలికాలం నాకు అనిపించింది.

మా ఊరికి తాండూరు నుంచి యాలాల్ మీదుగా పోవాలి. అక్కడ మా తమ్ముడుంటాడు. నాయన పోయాక గొర్రెలమ్మి ఆటో కొన్నాడు. ఊరినుంచి తాండూరుకు, తాండూరు నుంచి ఊరికి మనుషులను చేరవేస్తాడు. వాడి కూతురు తాండూరులో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదువుతోంది. దవాఖానల్లో రక్తపరీక్షలు చేసే పని నేర్పుతారు. మా ఇంట్లో పదో తరగతి దాటిన ఆడపిల్లల్లో నా తర్వాత అదే. అందుకని దాని మీద నాకు కొంచెం ఎక్కువ హక్కుందనుకుంటాను. మా మరదలు కూడా, పాపం, కాదనదు.

ఆ పిల్ల రోజూ పొద్దున సర్కారు బస్సులో పోతుంది. తండ్రికి ఆటో ఉండి కూతురు బస్సెక్కడమేమిటని ఊళ్లో అందరూ ఏడిపిస్తారు. "ఏమిరా, నీ బిడ్డనే నీ బండి ఎక్కదాయె, మేమేం ఎక్కుతం?" అని. ఆడవాళ్లకు బస్సు ఉచితమయ్యాక ఈ వేళాకోళం మరీ ఎక్కువైంది. కానీ అసలు కారణం ఉచితం కాదు. తమ్ముడి ఆటో పంచాయతీ ఆఫీసు ఎదుటి హోటలు దగ్గర నిలబడుతుంది. నలుగురెక్కినా కదలదు. "ఇంకొకలొస్తె పోదాం" అంటాడు. ఆ ఇంకొకరు వచ్చాక, "గా పెద్దమ్మ చెయ్యి ఊపుతున్నది, జర ఆగుండ్రి" అంటాడు. ఆ పెద్దమ్మ వచ్చాక, ఆమె సంచి మరిచిపోయి మళ్లీ ఇంటికి పోతుంది. బస్సు అలా కాదు. వచ్చి, మలుపుకొని, హారన్ కొట్టి, ఎక్కినవాళ్లతో పోతుంది. ముగ్గురే ఉన్నా పోతుంది. ఆ పిల్లకు ల్యాబులో పొద్దున్నే హాజరు వేస్తారు. హాజరు తగ్గితే పరీక్షకు కూర్చోనివ్వరు. దానికి బస్సే గతి.

"మా నాయిన బండి నిండితె కదుల్తది అత్తా, బస్సు టైముకు కదుల్తది" అని ఒకసారి ఫోనులో అంది. ఆ మాట మా ఆయనకు చెప్పాను. ఆయన అన్నం కలపడం ఆపి, "పరైవేటుకు, సర్కారుకు ఫరక్ గింతే. నీ మేనకోడలు నీకంటె తెలివైంది" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. మాట మాత్రం మనసులో ఉండిపోయింది.

కందులు కోతకొచ్చిన రోజుల్లో ఒక సాయంత్రం ఆ పిల్లే ఫోను చేసింది. గొంతు బాగాలేదు.

"అత్తా, మా బస్సు తీసేస్తరంట."

"ఎవలు చెప్పిన్రు?"

"కండక్టరక్క చెప్పింది. మన ఊరి బస్సుల మంది ఎక్కుతలేరని డిపోల తేలిందంట. గీ వారంల ఆఫీసరొచ్చి బస్సుల తిరిగి చూస్తడంట. మంది లేకుంటె బస్సును వేరే ఊరికి ఏస్తరంట."

"మంది లేకపోవుడేంది? నిలవడెతందుకు సందుండదంటివి కదా?"

"అదే నాకు సమజైతలేదు. అమ్మయితె, బస్సు బందైతె సదువు బందే అంటున్నది. హాస్టల్ల ఏసుడు మాతోని కాదంటున్నది."

మా మరదలు మాట ఊరికే అనదు, అన్నదంటే చేస్తుంది. ఆ పిల్ల పుస్తకాలు అటక ఎక్కడం నా కళ్లకు కనిపించింది. నాకు భయమేసింది. కానీ భయంతో పాటే ఆశ్చర్యమూ వేసింది. నిండా జనమున్న బస్సు డిపోవాళ్లకు ఖాళీగా ఎలా కనిపిస్తుంది? మా ఆయన్ని అడిగితే, "మీ ఊరోళ్లే ఏదో ఒకటి చేసుంటరు" అన్నాడు. సర్కారును పల్లెత్తు మాట అననివ్వడు. మా ప్రిన్సిపాల్ మొహం ముడుచుకున్నా లెక్కచేయకుండా సెలవు పెట్టి, తాండూరు రైలెక్కాను. తప్పు సర్కారుదేనని తేల్చుకొచ్చి ఈయన నోరు మూయించాలన్నది కూడా నా ఉద్దేశాల్లో ఒకటి.

తాండూరు దగ్గర పడుతుంటే కిటికీలోంచి సిమెంటు ఫ్యాక్టరీల గొట్టాలు, నాపరాళ్ల కుప్పలు కనిపిస్తాయి. చిన్నప్పుడు ఏ గొట్టం సర్కారుదో, ఏది సేటుదో పొగ చూసి చెప్పడానికి ప్రయత్నించేదాన్ని. ఎప్పుడూ చేతకాలేదు. ఆ రోజు కూడా చూశాను, అప్పుడూ చేతకాలేదు.

మధ్యాహ్నం పూట మా ఊరికి బస్సు లేదు. తమ్ముడు ఆ వేళకు ఆటోలో కాళ్లు బయటికి పెట్టి పడుకుంటాడు. ఫోను చేస్తే ఎత్తలేదు. యాలాల్ దాకా ఏదో దొరికింది. అక్కడ నాలాగే చాలామంది నిలబడి ఉన్నారు, ఎంతసేపు చూసినా ఏదీ రాలేదు. చివరికి కందికట్టె కోసం పోతున్న ట్రాక్టరు ఎక్కి, ఒళ్లంతా దుమ్ముతో ఇంట్లో అడుగు పెట్టాను. మరదలు నన్ను చూసి ముందు నవ్వి, తర్వాత నీళ్లిచ్చింది.

మరునాడు పొద్దున మేనకోడలితో కలిసి బస్సెక్కాను. ఎక్కగానే నా జబ్బు బయటపడింది. డ్రైవరును, "మీది ఏ డిపో?" అని అడిగాను.

"నాకు డిపో లేదమ్మా. బస్సు మా సేటుది. డిపోవాళ్లు కిరాయికి తీస్కున్నరు. నేను సేటు మనిషిని, గామె సర్కారు మనిషి" అని కండక్టరును చూపించాడు.

అంటే రంగు సర్కారుది, టైర్లు సేటువి. ఇన్నాళ్లుగా సర్కారు బస్సని మా ఊరివాళ్లు ఎక్కుతున్నది సగం ప్రైవేటు బస్సు. ఈ సంగతి మా ఆయన చెవిన ఎప్పుడు వేద్దామా అని ప్రాణం కొట్టుకుపోయింది.

కండక్టరు చిన్నవయసు అమ్మాయి, మెడలో టికెట్ మిషను. ఆడవాళ్ల ఆధార్ కార్డు చూసి జీరో టికెట్ ఇస్తుంది. డబ్బు తీసుకోకపోయినా కాగితం ఇవ్వాలి, దాని మీద సున్నా అని ఉంటుంది. రాష్ట్ర సరిహద్దు అవతల ఊరినుంచి చుట్టపుచూపుగా వచ్చిన ఒకామె మాత్రం డబ్బులు తీసి ఇచ్చింది. మా ఊళ్లో నాకూ ఉచితమే, వాగు దాటేసరికి పరాయిదాన్నయ్యానని కన్నడంలో అని నవ్వింది.

ఊరు దాటాక తండా దగ్గర, ఆ తర్వాత చేన్ల దగ్గర, తాండూరుకు కూలికి పోయే ఆడవాళ్లు ఎక్కారు. బస్సు కిక్కిరిసిపోయింది. కండక్టరు మనుషుల మధ్య ఇరుక్కుంటూ, "టికెట్, టికెట్" అంటూ వచ్చింది. నా ముందు సీట్లో ఒక ముసలామె, ఒళ్లో జొన్నరొట్టెల మూట పెట్టుకుని కూర్చుంది. కిటికీ వైపు చూస్తూ, "తీస్కున్న" అంది. పక్కనామె, "నేను గూడ తీస్కున్న" అంది. ఆ వెనకామె నిద్రపోతున్నట్టు నటించింది. వీళ్లలో ఒక్కరూ టికెట్ తీసుకోలేదు. నేను కళ్లారా చూస్తూనే ఉన్నాను.

డబ్బులు మిగులుతాయని టికెట్ ఎగ్గొట్టేవాళ్లను చాలామందిని చూశాను. డబ్బే లేని టికెట్టును ఎగ్గొట్టేవాళ్లను చూడటం అదే మొదలు. కండక్టరు ముందుకు పోయాక ఉండబట్టలేకపోయాను.

"పెద్దమ్మా, తీస్కోకున్నా తీస్కున్ననని ఎందుకు చెప్పినవ్?"

ఆమె అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "ఊకె ఎక్కుడే ఎక్కువాయె బిడ్డా. మల్ల కాయితం గూడ గుంజుకోవాల్నా? గా మిషిన్ల కాయితం ఎవల పైసలతోని వస్తది? సర్కారు ఎన్నిటికని పెడ్తది?"

"తీస్కున్ననని అనకుంటె గా పిల్ల ఇడవది" అని పక్కనామె కలగజేసుకుంది. "గందుకే గట్ల చెప్తం."

వాళ్లు సర్కారుకు ఖర్చు తగ్గిస్తున్నారు, అదీ దొంగచాటుగా. నవ్వాలో కోప్పడాలో నాకు తెలియలేదు. మా ఆయన గుర్తొచ్చి మరీ కోపమొచ్చింది. మీ ఊరోళ్లే ఏదో ఒకటి చేసుంటరన్న ఆయన మాటే నిజమైంది.

తాండూరు బస్టాండులో దిగాక కండక్టరుకు సంగతి చెప్పాను. ఆ అమ్మాయి నుదురు కొట్టుకుంది.

"అమ్మో. నేను గీ మిషిన్ల ఎన్ని సున్నాలు కొడితె అంత మంది ఎక్కినట్టు. సర్కారు డిపోకు పైసలు కట్టేది గూడ గా సున్నాలను చూసే. సున్నా లేకుంటె మనిషి లేనట్టే. గంత మందిల ఎవలు తీస్కున్నరో, ఎవలు తీస్కోలేదో నాకెట్ల యాదుంటది? చెకింగొస్తె నా కొలువుకు గూడ ముప్పే." మిషను సర్దుకుని మళ్లీ అంది. "రేపే ఆఫీసరొస్తున్నడు. పొద్దుగాలంటె గిట్ల. మాపటికైతె బస్సు నిజంగనే ఖాళీ పోతది. అదెందుకో నాకు తెల్వదు."

బడిలో సున్నా అంటే ఏమీ లేదని నేర్చుకున్నాను. ఇక్కడేమో సున్నా ఉంటేనే మనిషి ఉన్నట్టు. ఆ ముసలామె రొట్టెల మూటతో సహా నా కళ్లముందు కూర్చుంది, కానీ డిపో దృష్టిలో ఆ సీటు ఖాళీ. ఇంత మంచితనంతో ఒక బస్సును ముంచేవాళ్లు మా ఊళ్లోనే ఉంటారు.

ఇక సాయంత్రం సంగతి తేలాలి. బజారులో తిరిగి, ఆ వేళకు బస్టాండుకు చేరుకున్నాను. మా ఊరి బస్సు సిద్ధంగా ఉంది. మేనకోడలు, ఇద్దరు ముగ్గురు మగవాళ్లు తప్ప అందులో ఎవరూ లేరు. పొద్దున వచ్చిన ఆడవాళ్లంతా ఏమయ్యారని చూస్తే, రోడ్డు అవతల మా తమ్ముడి ఆటో చుట్టూ ఉన్నారు. అప్పటికే కొందరు ఇరుక్కుని కూర్చున్నారు, మిగతావాళ్లు రెండో తడవ కోసం ఆగారు. బస్సు వాళ్ల కళ్లముందే ఉచితంగా, ఖాళీగా వెళ్లిపోయింది. నేను పోయి రొట్టెల ముసలామె పక్కన నిలబడ్డాను. తమ్ముడు టీ తాగడానికి పోయి ఉన్నాడు.

"పొద్దుగాల బస్సుల వస్తిరి కదా, ఇప్పుడు పైసలు పెట్టి గిందులెందుకు?"

"పొద్దుగాల సర్కారు బండి, మాపటికి మనోని బండి" అంది ముసలామె. "రెండు పూటలు బస్సే ఎక్కితె నీ తమ్ముడు ఏం తినాలె? కలుపుకు పోయిన కాడ అందరం మాట్లాడుకోని పెట్టుకున్నం. వానికైతె చెప్పకు బిడ్డా, మనసుకు తీస్కుంటడు."

మా ఇంట్లో అన్నం చల్లారిపోయేదాకా సాగే కొట్లాటను, పెద్దపెద్దవాళ్లు టీవీల్లో అరుచుకునే కొట్లాటను వీళ్లు చేనులో కలుపు తీస్తూ తేల్చేశారు. ఒక పూట దానికి, ఒక పూట దీనికి. ఇంతకంటే న్యాయమైన ఏర్పాటు నేనెక్కడా వినలేదు. కాకపోతే ఆ న్యాయం ఏ లెక్కకూ అందదు. పొద్దుటి జనం మిషనులో లేరు, సాయంత్రపు జనం బస్సులోనే లేరు. ఇక బస్సు తీసేయక డిపో ఏం చేస్తుంది? దానివల్ల చదువు మానాల్సింది ఎవరి బండినైతే వీళ్లు కాపాడుతున్నారో వాడి కూతురే.

మా తమ్ముడికి ఈ సంగతేమీ తెలియదు. దీపాలు పెట్టే వేళకు ఇంటికొచ్చి, రొట్టె తుంచుకుంటూ గొప్పలు మొదలుపెట్టాడు.

"ఊకె తీస్కపోయే బస్సుండంగ నా బండే ఎక్కుతున్నరంటె ఎందుకనుకున్నవ్ అక్క? ఇంటి ముందట దించుత. మంచి పాటలు పెడ్త. సర్కారోడు పెడ్తడా?"

"బస్సు పోతె నీ బిడ్డ సదువేంగావాలె?" అన్నాను.

"పోనీ. నా బిడ్డను నేను తీస్కపోత."

"ఎప్పుడు నాయినా, బండి నిండినంకనా?" అని ఆ పిల్ల మెల్లగా అంది.

వాడు దాని మీద కళ్లెర్రజేశాడు. అది తలవంచుకుంది. అంతే, నాకు ఆగలేదు. "నీ పాటలకు కాదురా వాళ్లు ఎక్కుడు. నువ్వు బతకాలని ఎక్కుతున్నరు. కలుపు కాడ మాట్లాడుకోని, మాపటి పూట నీకిడిసిన్రు" అన్నాను.

తమ్ముడు నమలడం ఆపేశాడు. "అంటె నాకు బిచ్చమేస్తున్నరా?" అన్నాడు. సగం రొట్టె పళ్లెంలోనే ఉంచి, చెయ్యి కడుక్కుని బయటికి పోయాడు. మరదలు నన్నేమీ అనలేదు కానీ పళ్లేలు తీసే చప్పుడులో అంతా వినిపించింది. నాకు ఏడుపొచ్చింది. వాడిని చిన్నప్పుడు ఎత్తుకు తిరిగినదాన్ని నేనే. అయినా ఆ మాట దాచుకుని ఆ పిల్ల మొహం చూడటం నా వల్ల కాదు.

మరునాడు ఆఫీసరు వచ్చాడు. నెమ్మదైన మనిషి, కళ్లద్దాలు, ముందు సీట్లో కూర్చుని చూస్తున్నాడంతే. మేనకోడలు ఫుట్‌బోర్డు మీద నిలబడి ఎక్కిన ప్రతి ఆడమనిషికీ చెప్పింది.

"పెద్దమ్మా, సున్నా తీస్కో. తీస్కోకుంటె నువ్వు బస్సుల లేనట్టే."

"గింత మనిషిని కూసుంటె లేకపోవుడేందే?" అని ముసలామె తగవు పెట్టుకుంది. కానీ బస్సు పోతుందని వినేసరికి ఆధార్ కార్డు తీసింది. టికెట్ కొంగుకు ముడేసుకుని, కండక్టరును మళ్లీ పిలిచింది. "మొన్నటియి గూడ కలిపి కొట్టు బిడ్డా, బాకీ ఉండొద్దు." ఆఫీసరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. నవ్వు దాచుకోవడానికే అని నా అనుమానం.

సాయంత్రానికి కూడా బస్సే ఎక్కమని ఆ పిల్ల అందరినీ బతిమాలింది. "చూద్దాం తియ్యి" అన్నారు. ఆ చూద్దాం అన్నది ఎటు తిరుగుతుందో నాకు తెలుసు కాబట్టి మనసు పీకుతూనే ఉంది.

సాయంత్రం నేనూ ఆ పిల్లా బస్టాండు గేటు దగ్గర నిలబడ్డాం. ఆఫీసరు బస్సులో కూర్చున్నాడు. రోడ్డు అవతల తమ్ముడి ఆటో రోజూ ఉండే చోటనే ఉంది. ముందురోజునుంచి వాడు నాతో మాట్లాడలేదు. ఆడవాళ్లు కూలి పని ముగించుకుని ఒక్కరొక్కరే వచ్చారు. బస్సు వైపు చూశారు, ఆటో వైపు చూశారు, కాళ్లు మాత్రం ఆటో వైపే పోయాయి.

తమ్ముడు దిగి, వాళ్లకు అడ్డంగా నిలబడ్డాడు. "బండి ఖరాబైంది. బస్సుకు పొండ్రి."

"ఏమైందిరా?"

"ఇంజన్ల ఏందో అయింది. ఇయ్యాల్ల చాల్ కాదు."

"ఫికర్ జెయ్యకు" అని ముసలామె రోడ్డు పక్క అరుగు మీద కూలబడింది. "బాగైందాక ఆగుతం." మిగతావాళ్లూ ఆమె చుట్టూ కూర్చున్నారు. ఒకామె రొట్టె మూట కూడా విప్పింది.

అవతల డ్రైవరు ఇంజను స్టార్టు చేసి హారన్ కొట్టాడు. టైము అయిపోతోంది. మా నాయన గొర్రెల మంద వాగు దాటనని మొండికేస్తే కట్టె ఎత్తేవాడు కాదు. ముందు నడిచే మేకను చంకనేసుకుని తాను నీళ్లలో దిగేవాడు, మిగతావి వాటంతటవే దిగేవి. తమ్ముడికి అది గుర్తొచ్చిందో, ఒంట్లోనే ఉందో నేను చెప్పలేను. ఆటో తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు. ముసలామె మూట తీసి భుజానికెత్తుకున్నాడు. రోడ్డు దాటి బస్సెక్కాడు. మూట పోయింది కాబట్టి ముసలామె లేచింది, ముసలామె లేచింది కాబట్టి అందరూ లేచారు. బస్సు నిండిపోయింది.

కండక్టరు వరుసగా సున్నాలు కొట్టుకుంటూ వచ్చింది. మా సీటు దగ్గరికొచ్చి తమ్ముడిని చూసి ఆగిపోయింది. వాడు జేబులోంచి డబ్బు తీసిచ్చి టికెట్ తీసుకున్నాడు. కొత్తగా అత్తగారింటికి వచ్చిన అల్లుడిలా కూతురి పక్కన ముడుచుకుని కూర్చున్నాడు. బస్సు కదిలింది. దూరాన ఇద్దరు ఆడవాళ్లు సంచులతో పరుగెత్తుకొస్తున్నారు. వాడికి తెలియకుండానే నోట్లోంచి వచ్చేసింది. "ఆగు, ఆగు, ఇంకిద్దరు వడ్తరు."

బస్సంతా నవ్వింది. "నాయినా, గిది టైముకు పోతది" అని ఆ పిల్ల వాడి చెయ్యి పట్టుకుంది.

కానీ డ్రైవరు బ్రేకు వేశాడు. ఆ ఇద్దరూ ఎక్కాకే మళ్లీ కదిలించాడు. ఆగింది సర్కారు బస్సా, సేటు డ్రైవరా అని నేను దారి పొడుగునా ఆలోచించాను. ఎటూ తేల్చుకోలేకపోయాను. మా ఊళ్లో దిగేముందు ఆఫీసరు కండక్టరును, "ఇంతమంది ఉండంగ ఖాళీ అని ఎట్ల వచ్చింది?" అని అడిగాడు. ఆ అమ్మాయి ముసలామె వైపు చూసింది. ముసలామె కిటికీలోంచి చేను చూస్తూ కూర్చుంది. ఇప్పటికైతే బస్సును ఇలాగే నడిపిద్దామని చెప్పి ఆయన కిందికి దిగాడు. మేనకోడలు నా భుజం మీద తల పెట్టి అప్పుడు ఏడ్చింది.

ఆ పూట తమ్ముడు గొప్పలు చెప్పలేదు. రొట్టె మొత్తం తిని, నీళ్లు తాగి, నా వైపు తిరిగాడు.

"మొన్న మద్యాన్నం నువ్వు ఎట్ల వచ్చినవ్ అక్క?"

"ట్రాక్టర్ మీద. నీకు ఫోన్ చేస్తె ఎత్తకపోతివి."

"యాలాల్ల ఇంకెవలన్న నిలవడ్డరా?"

"శాన మంది నిలవడ్డరు. గా టైముకు ఏదీ లేదు కదా."

వాడు ఇంకేమీ అడగలేదు. అడగడం నా జబ్బు, వాడిది కాదు. అందుకే ఆ రెండు ప్రశ్నలు నాకు వింతగా అనిపించాయి.

మరునాడు మధ్యాహ్నం నేను బయల్దేరాను. ఆ పిల్ల అప్పటికే పొద్దుటి బస్సులో పోయి ల్యాబులో ఉంది. తమ్ముడూ అదే బస్సులో పోయి, తాండూరులో వదిలేసిన ఆటోను తెచ్చి హోటలు ముందు పెట్టి, వచ్చినవాళ్లకూ పోయినవాళ్లకూ ఒకటే చెబుతున్నాడు. ఇకనుంచి పొద్దున, సాయంత్రం బస్సుకే పొమ్మని, మధ్యాహ్నం పన్నెండున్నరకు మాత్రం తన బండి కదులుతుందని, నిండినా నిండకున్నా కదులుతుందని. ఎవరూ నమ్మలేదు. హోటలువాడైతే చాయ్ గ్లాసు కడుగుతూ పెద్దగా నవ్వాడు.

వెనక సీట్లో నేనొక్కదాన్నే కూర్చున్నాను. పన్నెండున్నర అయింది. సందు చివర ఎవరైనా చెయ్యి ఊపుతారేమోనని నేనే తల బయటికి పెట్టి చూశాను. "ఇంకొకలొస్తరేమో, జర ఆగరాదురా" అన్నాను.

"టైమైంది" అని వాడు బండి కదిలించాడు.

యాలాల్‌లో కూడా ఆ రోజు ఎవరూ ఎక్కలేదు. ఆ వేళకు బండి వస్తుందని ఇంకా ఎవరికీ తెలియదు కదా. ఖాళీ ఆటో గుంతల్లో పడినప్పుడల్లా నా గుండెలో పడ్డట్టుంది. డీజిలు ఖర్చు కూడా రాదు, వీడు ఇలా ఎన్నాళ్లు నడుపుతాడు, నేనెందుకు నోరు జారాను అని దారంతా కుమిలిపోయాను. తాండూరు స్టేషను ముందు దిగి, బ్యాగులోంచి నలుగురి కిరాయి తీసి వాడి చేతిలో పెట్టబోయాను.

వాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఒక్కదానివే కూసున్నవ్ కదా అక్క. ఒక్కదానిదే ఇయ్యి."